ఆషాఢం గాలిలో హొన్నూరు ఇసుక దిబ్బలు, గండికోట

జూలై చివరి వారంలో నేనూ మా ఆవిడా గుంటూరు నుంచి కారులో బయల్దేరాం. అనంతపురం దాటి రాయదుర్గం దారి పట్టేసరికి నెత్తిమీద నిండా మబ్బులు, కింద దుమ్ము. మబ్బుల నీడలు ఎర్ర చేల మీద పరుగెత్తుతుంటే, ఇంకాసేపట్లో కురుస్తుందనే అనుకున్నాం. టీ కొట్టు దగ్గర ఓ పెద్దాయన్ని అడిగితే, "మోడాలు దినామూ పోతాండాయి సార్, వానే రాలే" అన్నాడు. మోడాలంటే ఇక్కడ మబ్బులు. బుడ్డలు, అంటే వేరుశనగ, విత్తడానికి నేలలో పదును కోసం చూస్తున్నారట.

ఆ ఒక్క మాటలో ఈ సీమ వాతావరణమంతా ఉంది. అరేబియా సముద్రం మీంచి వచ్చే నైరుతి గాలి పడమటి కనుమలు ఎక్కేటప్పుడే కురిసేస్తుంది. కనుమల మీది ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడితే, అనంతపురానికి దక్కేది 550 అటూ ఇటూ. కొండలు దిగే గాలి వేడెక్కి, తేమ పోగొట్టుకుని వస్తుంది. పోనీ ఈశాన్య రుతుపవనాలా అంటే, తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి చేరేసరికి వాటి బలం తగ్గిపోతుంది. కాస్త గట్టి వానలంటే సెప్టెంబరు, అక్టోబరుల్లోనే.

మర్నాడు పొద్దున్నే బొమ్మనహాళ్ మండలంలోని దర్గా హొన్నూరు వెళ్లాం. వేదవతిని ఇక్కడ హగరి అంటారు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఏట్లో ఇసుకే ఉంటుంది. ఆషాఢం గాలి ఆ ఇసుకను ఎత్తి పొలాల మీదికి తోస్తుంది. దిబ్బ మీద కూర్చుని చూశాను. చీలమండ ఎత్తులో ఇసుక సన్నటి పొగలా పారుతోంది. రేణువులు గెంతుతూ పోయి చిన్న చిన్న అలలు కడుతున్నాయి. ప్రతి అలకూ గాలి వచ్చే పడమటి వైపు ఏటవాలు, తూర్పు వైపు నిట్రం. పెద్ద దిబ్బ రూపూ అదే. మేం ఎక్కొచ్చిన అడుగుల గుర్తులు మేం దిగేలోపే పూడిపోయాయి. ఓ చేనికి వేసిన కంప కంచె సగం దాకా ఇసుకలో ఉంది. అదే మండలంలో తుంగభద్ర ఎగువ కాలువ కింద వరి పండుతుందని గుర్తొస్తే మనసు కలుక్కుమంది.

అక్కడ బోర్డులు, మరుగుదొడ్లు, నీడ మాకెక్కడా కనిపించలేదు. నీళ్లు, కళ్లజోడు, మొహానికి కట్టుకునే తువ్వాలు తీసుకెళ్లండి. ఎనిమిదింటి లోపు వెళ్తే మంచిది. కారు ఊళ్లోనే ఆపండి. రీల్స్ కోసం దిబ్బల మీద బండ్లు తోలకండి, దయచేసి. ఆ కాస్త గడ్డీ కంపా లేచిపోతే, ఇసుక నేరుగా ఎవరో రైతు చేల్లోకే పోతుంది.

బస సంగతి. రాయదుర్గంలో మేం దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది. ఇరవై నాలుగు గంటలూ నీళ్లన్నారు గానీ, పొద్దున ఓ గంట వచ్చి ఆగిపోయాయి. పిల్లలతో వెళ్లేవాళ్లు బళ్లారిలో ఉండటం మేలు, అక్కడ హోటళ్లు ఎక్కువ. తిండికి మాత్రం లోటు లేదు. ఉగ్గాని (బొరుగులతో చేసే ఉప్మా), బజ్జీ ఎక్కడ తిన్నా బాగుంది.

మూడో రోజు గండికోట. ఎర్రమల కొండల్ని పెన్న కోసిన లోయ అది. కొండ అంచున ఎర్రటి రాతిబండలు పలకల్లా పేర్చినట్టుంటాయి, పగుళ్లు నిలువుగా దిగుతాయి. నీడ తక్కువ కాబట్టి సాయంత్రం నాలుగు తర్వాతే వెళ్లండి. అంచున చాలాచోట్ల రెయిలింగ్ లేదు, ఈ గాలిలో పిల్లల చెయ్యి వదలొద్దు. మేం ముందే డబ్బు కట్టిన టెంటు రాత్రి గాలికి ఒక పక్క ఊడిపోయింది. ఒకటే టెన్షన్, కారులోనే పడుకున్నాం. డబ్బు అడిగితే నిర్వాహకులు వాపసు ఇవ్వలేదు. ఈ నెలల్లో టెంటు జోలికి పోకుండా, కోట దగ్గరున్న టూరిజం వాళ్ల హరితలో గది చూసుకోండి. టెంట్లకు డిసెంబరు, జనవరి బాగుంటాయి.

చూడ్డానికి గండికోటే అందం, సందేహం లేదు. కానీ చేతిలో ఒక్క రోజే ఉంటే నేను మళ్లీ హొన్నూరుకే వెళ్తాను, అదీ ఆషాఢంలోనే.