తాగుడు తగ్గించుకోడానికి వెట్‌చేంజ్ యాప్, 3 నెలలు వాడాక నా మాట

నేను అమెరికా ఆర్మీలో 6 ఏళ్లు చేసి బయటికొచ్చా, వచ్చాక ఎంత తాగుతున్నానో నాకే లెక్క లేదు. డాక్టర్ రోజుకో నాల్ట్రెక్సోన్ 50 ఎంజీ బిళ్ల రాశాడు, మందు మానడానికి మందేంటని మా ఆవిడ ఒకటే నవ్వు. ఇది డైసల్ఫిరామ్ అనే ఇంకో మందు లాగా తాగితే వాంతులు పెట్టించే టైపు కాదు, ఆ కిక్కే తగ్గిపోద్ది, మూడో గ్లాసు పోసుకోబుద్ధి కాదంతే. తాగుడుకి వాడటానికి దీనికి 1994లోనే అమెరికాలో పర్మిషన్ వచ్చిందంట, నాకిప్పుడు తెలిసింది.

యాప్ అమెరికా వెటరన్స్ (మాజీ సైనికుల) శాఖ వాళ్లదే, ఫ్రీ. ఎన్ని తాగామో మనమే ఎక్కించాలి. ఇక్కడ లెక్కలో ఒక డ్రింకంటే విస్కీ 44 ఎంఎల్, నేనేమో స్టీలు గ్లాసులో కళ్లతో కొలిచే రకం, కొలకప్పులో పోసి చూస్తే నా "రెండే" కాస్తా ఐదు తేలింది, సిగ్గేసింది. బాగా తాగాలనిపించినప్పుడు ఏం చేయాలో కూడా చెప్తది. తెలుగులో లేదు, అదొక్కటే లోటు.

పన్ను పీకించుకునే ముందు ఈ నాల్ట్రెక్సోన్ బిళ్ల సంగతి డెంటిస్టుకి చెప్పండి బాబూ, ఓపియాయిడ్ (నల్లమందు జాతి) నొప్పి మాత్రలకీ దీనికీ అస్సలు పడదు. 4 స్టార్లు.