పాత బ్యాటరీ, పోయిన ట్యూబ్‌లైటు, మిగిలిన మందులు: ఎవరికి ఇవ్వడం మేలు?

ఇన్వర్టర్ బ్యాటరీ పోతే వెంటనే గుర్తొచ్చేది పాత సామాన్ల బండి. గుమ్మం దగ్గరకే వస్తాడు, డబ్బు చేతిలో పెడతాడు. రెండో దారి, కొత్త బ్యాటరీ కొనే షాపులోనే పాతది ఇచ్చి ధర తగ్గించుకోవడం. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత రోజుల తరబడి చీకట్లో గడిపిన విశాఖలో ఇన్వర్టర్ వద్దని ఎవరూ అనలేరు. కానీ పాత బ్యాటరీ మన గేటు దాటాక ఎక్కడికి పోతుందో చూసుకోవాలి.

నా మాట షాపుకే, రెండు మూడు వందలు తక్కువ వచ్చినా సరే. ఆ బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. లైసెన్సు లేని చోట దాన్ని పగలగొట్టి, యాసిడ్ నేల మీద పారబోసి, సీసం కరిగిస్తారు. ఆ పొగ, దుమ్ము చుట్టుపక్కల పిల్లల ఒంట్లోకి చేరి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తాయి. ఒంట్లో సీసం ఇంత ఉన్నా పర్వాలేదు అని చెప్పగల మోతాదే లేదు. పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యతను 2022 నాటి నియమాలు తయారీదారుల మీదే పెట్టాయి. అందుకే షాపువాణ్ని మొహమాటం లేకుండా అడగండి, బిల్లు మీద రాయించుకోండి. పాత ఫోన్లు, పవర్ బ్యాంకులు కూడా మామూలు చెత్తలో వేయకూడదు. వాటిలోని లిథియం బ్యాటరీ చెత్త లారీలో నలిగితే మంట పుడుతుంది.

ట్యూబ్‌లైట్లు, సీఎఫ్ఎల్ బల్బుల సంగతి వేరు. వీటికి పాత సామాన్ల వాడు డబ్బులివ్వడు, అందుకే తిన్నగా చెత్త బండిలోకి పోతాయి. విశాఖ కాపులుప్పాడలో చెత్తతో కరెంటు తీసే ప్లాంటు ఉంది కదా, కాలిపోతుందిలే అనుకోవద్దు. వీటిలోని పాదరసం కాలదు, వేడికి ఆవిరవుతుంది. పగలకుండా అట్టపెట్టెలో పెట్టి, బండి వచ్చినప్పుడు ఇది వేరు అని చెప్పి చేతికివ్వండి. ఇంట్లో పగిలితే కిటికీలు తీసి పావుగంట బయట ఉండండి. చీపురు వాడొద్దు, మందపాటి అట్టతో ఎత్తి మూత ఉన్న సీసాలో వేయండి. కొత్తగా కొనేది ఎల్ఈడీ అయితే ఈ టెన్షనే ఉండదు, అందులో పాదరసం లేదు.

గడువు దాటిన సిరప్పులను సింకులో పోయడం చాలామందికి అలవాటు. మన విశాఖలో కాలువ నీళ్లు గెడ్డల్లో, అంటే వాగుల్లో, కలుస్తాయి, గెడ్డలు సముద్రంలో కలుస్తాయి. దానికన్నా చెత్తకివ్వడమే నయం, అయితే స్ట్రిప్పులతో కాదు. మాత్రలు విప్పి, వాడేసిన టీపొడిలో కలిపి, కవరు గట్టిగా కట్టి ఇవ్వండి. అప్పుడు చెత్త ఏరుకునే పిల్లల చేతికి వాడదగ్గ మందులా చిక్కదు. ఇన్సులిన్ సూదులు మాత్రం గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి, మూత బిగించి, పైన 'సూదులు' అని రాసి విడిగా ఇవ్వాలి. పారిశుధ్య కార్మికుల చేతులకు గుచ్చుకునేది ఇవే.

ఇక మిగిలిన పెయింటు, థిన్నర్. మేడ మీద ఏళ్ల తరబడి దాచడం కన్నా, కాలువలో పోయడం కన్నా, పక్కింటి వాళ్ల గేటుకో గ్రిల్లుకో సరిపోతుందేమో అడిగి ఇచ్చేయడం మేలు. ఈసారి రంగులు కొనేటప్పుడు గోడల కొలత షాపులో చెప్పి, సరిపడా డబ్బాలే తెచ్చుకోండి.