లేపాక్షి బసవన్న సరే, ఆ లాడ్జి మాత్రం వద్దు

హైదరాబాద్ నుంచి బెంగళూరుకు కారులో వెళ్లేవాళ్లు లేపాక్షి తప్పకుండా చూడండి. రాత్రి బస మాత్రం హిందూపురంలోనే చూసుకోండి. మేం హైవే పక్కన ఓ లాడ్జిలో దిగి బుక్కయిపోయాం.

ఫోన్లో చూపించిన ఫ్యామిలీ రూమ్ అద్దె 2,400. తీరా వెళ్లాక అత్తయ్యకి ఎక్స్‌ట్రా బెడ్ అంటూ ఇంకో 600 వేశారు. ఆ బెడ్ ఏంటంటే, పలచటి పరుపు, దుప్పటి లేదు. పొద్దున గీజర్ పనిచేయలేదు. అడిగితే కౌంటర్‌లో అబ్బాయి "కరెంటు డిమ్ము సార్, బకెట్ నీళ్లు పంపిస్తాం, 50 రూపాయలు" అన్నాడు. అత్తయ్య చన్నీళ్ల స్నానం చేసి, కారెక్కాక ఒక్క మాట మాట్లాడలేదు. మా ఆవిడ నా వంక చూసిన చూపు సంగతి చెప్పక్కర్లేదు.

కొడికొండ చెక్‌పోస్టు దగ్గర 44వ నంబరు హైవే దిగాం. ఊళ్లోకి వస్తుండగా రోడ్డు పక్కనే బసవన్న! ఒకే రాయి. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. ఫొటోల్లో ఆ సైజు తెలియదు. మెడలో గంటల పట్టెడ, వీపు మీద అలంకారం, ఒక్కో గంట విడివిడిగా చెక్కారు. చూపు గుడిలోని నాగలింగం వైపు.

గుడి విజయనగర రాజుల కాలంనాటిది, 16వ శతాబ్దం. వేలాడే స్తంభం దగ్గర పెద్ద క్యూ. కింద నుంచి చున్నీ లాగడం, రీల్ తీయడం, అంతే. గైడ్ 300 అడిగి, ఎక్కువసేపు అక్కడే నిలబెట్టాడు. నాట్యమండపం కప్పు మీది రంగుల బొమ్మల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. గిరిజా కల్యాణం, కిరాతార్జునీయం అన్నీ అక్కడే ఉన్నాయి. మెడ నొప్పెట్టినా తలెత్తి చూడాల్సినవి అవే.

అత్తయ్య మూడ్ మారింది లతామండపంలో. ఒక్కో స్తంభం మీద ఒక్కో చీర అంచు డిజైన్! "ఇది పట్టుచీరకి, ఇది బ్లౌజుకి" అంటూ ఫోన్ నిండా ఫొటోలు తీసుకున్నారు. పూర్తికాని కల్యాణమండపం దగ్గరకి రమ్మంటే "మీరు చూసి రండి బాబూ" అన్నారు.

ఎండెక్కితే బండల మీద ఉత్తకాళ్లతో నడవలేం, పదిలోపే ముగించుకోండి. బయట బండి మీద ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ ప్లేటు 40. రెండోసారి కూడా తిన్నాం. లాడ్జి వాళ్లు వెనక్కిస్తామన్న 600 మాత్రం ఇంకా రాలేదు.