మోకాలి నొప్పికి ఆర్‌ఎఫ్: టెస్ట్ బ్లాక్ సరిగ్గా జరిగితేనే డబ్బుకు విలువ

మోకాలిలో గుజ్జు అరిగిపోయింది, చిప్ప మార్చాలి అన్నాక ఆపరేషన్ వద్దనుకునేవాళ్లకూ, గుండె జబ్బు వల్ల ఆపరేషన్ కుదరనివాళ్లకూ పెయిన్ క్లినిక్‌లు చెప్పే చికిత్స ఇది. మోకాలి చుట్టూ ఉండే జెనిక్యులార్ నరాలకు ముందు పరీక్షగా బ్లాక్, అంటే ఆ చోటును కాసేపు మొద్దుబార్చే మత్తుమందు సూది, వేస్తారు. అది పనిచేస్తే రేడియో ఫ్రీక్వెన్సీతో, అంటే ఆర్‌ఎఫ్‌తో, ఆ నరాలను వేడిచేసి నొప్పి కబురు ఆపుతారు. 2011లో కొరియా వైద్యులు ప్రచురించిన ఫలితాల తర్వాత దీనికి బాగా ప్రచారం వచ్చింది. మంచి చికిత్సే. కాకపోతే గుజ్జు తిరిగి రాదు, వంకర తిరిగిన కాలు చక్కబడదు. తగ్గేది నొప్పి ఒక్కటే.

మామూలుగా మూడు నరాలకు చేస్తారు: మోకాలికి పైన లోపలివైపు ఒకటి, పైన బయటివైపు ఒకటి, కింద లోపలివైపు ఒకటి. కింద బయటివైపు నరాన్ని కావాలనే వదిలేస్తారు. పాదాన్ని పైకెత్తే పెరోనియల్ నరం అక్కడికి దగ్గర్లోనే ఉంటుంది, దానికి వేడి తగిలితే పాదం పైకి లేవక వేలాడిపోతుంది. నాలుగో చోట కూడా చేస్తామంటే ఎందుకో అడగండి.

ఈ సేవలో ఎక్కువగా చెడేది టెస్ట్ బ్లాక్ దగ్గరే. ఒక్కో నరం దగ్గర 1 మి.లీ. మత్తుమందు చాలు. నాలుగైదు మి.లీ. పోస్తే మందు చుట్టుపక్కలకు పాకి, నొప్పి ఆ నరం వల్లే తగ్గిందో లేదో తెలియదు. లిగ్నోకెయిన్ అయితే గంటా రెండు గంటలు, బుపివకెయిన్ అయితే ఇంకొన్ని గంటలు పనిచేస్తుంది. పరీక్ష జరగాల్సింది ఆ గంటల్లోనే. కానీ మన ఇళ్లలో సూది వేయించుకొచ్చిన పెద్దవాళ్లను మంచం దిగనివ్వరు. సాయంత్రం డాక్టరు ఫోన్ చేస్తే "హాయిగా ఉంది" అంటారు. పడుకున్న మోకాలు హాయిగా ఉండక ఏం చేస్తుంది? ఆ మాట నమ్మి ఆర్‌ఎఫ్ చేస్తే డబ్బు పోతుంది, నొప్పి మాత్రం అలాగే ఉంటుంది.

చేయాల్సింది ఇది. ఆ ఉదయం నొప్పి మాత్ర వేసుకోకూడదు, నిద్రమత్తు ఇంజెక్షన్ వద్దనాలి. బ్లాక్‌కు ముందు మెట్లెక్కి, కుర్చీలోంచి లేచి, నొప్పికి పదికి ఎన్ని మార్కులో కాగితం మీద రాయాలి. బ్లాక్ అయ్యాక అరగంటకోసారి, ఎవరైనా పక్కన ఉండగా, అవే పనులు చేసి మళ్లీ రాయాలి. 8 ఉన్నది 4 లేదా అంతకన్నా తక్కువకు దిగి, మందు పనిచేసే సేపంతా అలాగే ఉంటే ఆర్‌ఎఫ్‌కు వెళ్లొచ్చు. ఆ కాగితం అడగని క్లినిక్‌లో ఆర్‌ఎఫ్ చేయించుకోమని మేం చెప్పం.

ఆర్‌ఎఫ్ రోజు సి-ఆర్మ్ అనే, అటూ ఇటూ తిప్పగలిగే ఎక్స్‌రే యంత్రంలో చూస్తూ, పై రెండు నరాలకు తొడ ఎముక కాడ కింద వెడల్పయ్యే మలుపు దగ్గర, కింది నరానికి మోకాలి కింది ఎముక కాడ పైన వెడల్పయ్యే మలుపు దగ్గర సూది ఎముకకు తగిలేదాకా దించుతారు. పక్క నుంచి ఇంకో ఎక్స్‌రే తీసి, సూది మొన ఎముక మందంలో సగానికి చేరిందో లేదో చూడాలి. ముందు నుంచి ఒక్క బొమ్మ చూసి కాల్చేస్తే నరం తప్పిపోతుంది. తర్వాత 50 హెర్ట్జ్ కరెంటు ఇచ్చి, అర వోల్టు లోపే మోకాలిలో జివ్వుమనడం తెలుస్తోందా అని అడుగుతారు. జవాబు చెప్పాలంటే రోగి మెలకువగా ఉండాలి. 2 హెర్ట్జ్ దగ్గర కాలు అదరకూడదు, అదిరితే కండరాన్ని కదిలించే నరం దగ్గర్లో ఉన్నట్టు. ఆ తర్వాతే మత్తుమందు, 80 డిగ్రీల వేడి, 90 సెకన్లు.

కూల్డ్ ఆర్‌ఎఫ్ అని ఇంకో రకం ఉంది, అందులో సూది మొనను చల్లబరిచేందుకు లోపల నీళ్లు తిరుగుతుంటాయి. మొన 60 డిగ్రీల దగ్గరే ఉన్నా, చుట్టూ కండ అంతకన్నా వేడెక్కి, పెద్ద గుండ్రటి మేర కాలుతుంది. నరం దారి మనిషికీ మనిషికీ మారుతుంది కాబట్టి అది లాభమే. మోకాలికి వాడటానికి అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2017లో దీన్ని ఒప్పుకుంది. ఖర్చు ఎక్కువ. పైగా సన్నటి మనుషుల్లో కింది లోపలి నరం చర్మానికి దగ్గరగా ఉంటుంది, అక్కడ చర్మం కాలే ప్రమాదం ఉంది.

చేయించుకున్న వారం పదిరోజులు మంట, సలుపు పెరగొచ్చు. అసలు గుణం రెండు మూడు వారాలకు తెలుస్తుంది. ఈ మాట ముందే చెప్పకపోవడం వల్లే చాలామంది "ఫెయిలయింది" అనుకుంటారు. ఈ నరాల వెంటే రక్తనాళాలు ఉంటాయి, అందుకే కొందరికి కమిలిన గడ్డ కడుతుంది. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు ముందే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లూ చెప్పాలి. మందులో స్టెరాయిడ్ కలిపితే షుగర్ కొన్ని రోజులు పెరుగుతుంది. మోకాలు ఎర్రబడి, వేడిగా ఉబ్బి, జ్వరం ఉంటే ముందు ఇన్‌ఫెక్షన్ చూడాలి, ఆరోజు ఏ సూదీ వద్దు.

గుణం సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది. నరం మళ్లీ పెరిగాక నొప్పి తిరిగొస్తే మళ్లీ చేయించుకోవచ్చు. ఈలోగా తొడ కండరం గట్టిపడాలి: వెల్లకిలా పడుకుని, మోకాలు వంచకుండా కాలిని జానెడు ఎత్తి, ఐదు లెక్కపెట్టి దించడం, పూటకు పదిసార్లు. ప్యాకేజీలో ఫిజియోథెరపీ ఉందో లేదో డబ్బు కట్టకముందే అడగండి.