ఇంజన్ లేని పడవలో నైలు మీద మూడుసార్లు: గాలి దయ, మన ప్రాప్తం

ముందే చెప్పేస్తున్నా, గుళ్ల గురించి, టికెట్ల గురించి, అస్వాన్‌లో ఎక్కడ దిగాలన్నదాని గురించి ఇందులో ఏమీ ఉండదు, అవి ఎక్కడైనా దొరుకుతాయి. రేటు కూడా చెప్పను. 2024 మార్చిలో ఈజిప్టు పౌండు ఒక్క దెబ్బకి పడిపోయాక, నేను మొదటిసారి పౌండ్లలో ఇచ్చిన మొత్తానికి ఇప్పుడు అర్థమే లేదు. కైరోలో ఉద్యోగం పుణ్యమా అని ఐదేళ్లలో మూడుసార్లు ఫెలూకా (నైలు మీద తిరిగే తెరచాప పడవ) ఎక్కాను, అందులో నన్ను పట్టుకున్న సంగతి ఒకటే: దానికి ఇంజన్ ఉండదు. నాకు దాని మీద ఉన్న ఇష్టానికీ కోపానికీ కూడా కారణం అదే.

మొదటిసారి అస్వాన్ నుంచి కోమ్ ఓంబో దాకా, రెండు రాత్రులు. ఎలిఫెంటైన్ దీవి దాటగానే రయ్యిస్ (అక్కడ పడవ నడిపేవాణ్ని అలాగే పిలుస్తారు) చుక్కాని కర్రకి నడుము ఆనించి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని గ్లాసుల్లో టీ పోయడం మొదలుపెట్టాడు. నడుముతోనే పడవ తిప్పుతున్నాడు, ఒక్క చుక్క టీ ఒలకలేదు. ఓ గంట గడిచాక గానీ చెవులు తెరుచుకోలేదు. పడవ అడుగున నీళ్లు తడుతున్న చప్పుడు, చుక్కాని కిర్రుమనడం, ఒడ్డున ఎవరో గాడిదని అదిలిస్తున్న కేక, అంతే. పరుపులు పరిచిన చెక్కల మీద వెల్లకిలా పడుకుంటే పైన మాసికలు వేసిన తెల్లటి మూడుమూలల తెరచాప. తిరిగొచ్చి కనిపించిన ప్రతివాడికీ వెళ్లమని చెప్పాను. ఆ రెండు రోజులూ గాలి మా మాట వినడం వల్లే అదంతా అని అప్పటికి తెలీదు.

రెండోసారి ఆశ ఎక్కువై ఎడ్ఫూ దాకా మాట్లాడుకున్నాం, నేనూ ఇంకో ఇద్దరు ఫ్రెండ్సూ, జనవరిలో, మూడు రాత్రులు. నీటి దారిలో వంద కిలోమీటర్ల పైనే.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. నైలు ఉత్తరానికి పారుతుంది, గాలేమో ఏడాదిలో ఎక్కువ రోజులు ఉత్తరం నుంచే వీస్తుంది. అంటే అస్వాన్ నుంచి ఎడ్ఫూ వైపు వెళ్తుంటే ఏరు వెనక నుంచి నెడుతుంది, గాలి ముఖం మీద కొడుతుంది. ఎదురుగాలిలో చాపతో తిన్నగా వెళ్లడం కుదరదు కాబట్టి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి ఏటవాలుగా కోసుకుంటూ పోతారు. మలుపు తిప్పిన ప్రతిసారీ తల వంచుకోవాలి. మామూలు గాలిలో ఇది భలే సరదాగా ఉంటుంది. కానీ చలికాలంలో పొలాలకి నీటి అవసరం తక్కువని అస్వాన్ హై డ్యామ్ నుంచి వదిలే నీళ్లు తగ్గుతాయి, అంటే వెనక నుంచి నెట్టాల్సిన ఏరు కూడా బద్ధకంగా ఉంటుంది. దానికి తోడు గాలి ముదిరితే ఇక చూడాలి.

కోమ్ ఓంబో దాటిన రోజు మధ్యాహ్నం సరిగ్గా అదే జరిగింది. ఎడమ ఒడ్డున ఒక పంపు గది, దాని మీద నీలం రంగు ప్లాస్టిక్ ట్యాంకు. పన్నెండున్నరకి దాన్ని చూశాను. అటు వెళ్లి ఇటు వచ్చాం, ట్యాంకు అక్కడే ఉంది. ఇంకో నాలుగు మలుపులు తిరిగాం, ఈసారి ట్యాంకు కొంచెం ముందుకి వెళ్లినట్టు కనిపించింది, అంటే మేమే వెనక్కి పోతున్నామన్నమాట. ఏరు మీద కెరటాలు లేచి నీళ్లు పరుపుల మీదకి చిమ్ముతున్నాయి. రెండున్నరకి రయ్యిస్ ఏమీ అనకుండా పడవని రెల్లు లోకి దూర్చేశాడు. పదిహేడేళ్ల కుర్రాడు ఒకడు సాయంగా ఉన్నాడు, వాడు చెప్పుల్లేకుండా చాప కట్టిన పొడవాటి వాసం మీద చివరిదాకా పాకి, గాలికి అది ఊగుతుంటే ఒంటి చేత్తో పట్టుకుని చాపని చుట్టచుట్టి కట్టేశాడు. కింద కూర్చున్న మాకే కాళ్లు వణికాయి.

ఇక అక్కడే. మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. ఎడ్ఫూలో మర్నాడు రాత్రి రైలు ఉంది, నాకు ఒకటే టెన్షన్. ఎప్పటికి కదులుతాం అని రయ్యిస్‌ని అడిగిన ప్రతిసారీ “బుక్రా, ఇన్‌షాల్లా” అంటాడు, రేపు, దేవుడి దయుంటే. వంటకి పడవలోనే గ్యాస్ పొయ్యి ఉంది కాబట్టి భోజనానికి లోటు లేదు, ఉడికించిన ఫూల్ అనే చిక్కుడు గింజలూ రొట్టే బాగానే తిన్నాం. కానీ పడవలో బాత్రూమ్ ఉండదు. పగలైతే సర్దుకుంటాం, రాత్రి ఒంటిగంటకి, ఎముకలు కొరికే చలిలో, టార్చి పట్టుకుని పలక మీదుగా ఒడ్డుకి దిగి రెల్లు వెనకాల స్థలం వెతుక్కోవడం ఎలా ఉంటుందో ఈ పడవలు బుక్ చేసేవాళ్లెవరూ నాకు చెప్పలేదు. ఆ రాత్రి ఆ పడవనీ, నన్నూ, నాకీ ఐడియా ఇచ్చినవాడినీ తిట్టుకోని క్షణం లేదు. ఇచ్చింది నేనే అనుకోండి.

తెల్లవారుజామున ఎవరూ లేపకుండానే మెలకువొచ్చింది. గాలి పూర్తిగా పడిపోయింది. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలంటారు, మా రయ్యిస్‌ది సరిగ్గా తిరగేసిన లెక్క, గాలి లేనప్పుడే బయల్దేరాలి. చాప విప్పలేదు, తాడు మాత్రం విప్పి తెడ్డుతో ఒడ్డుని ఒక్క తోపు తోశాడు. ఏరే తీసుకెళ్లింది. మెల్లగా, అడ్డంగా తిరుగుతూ, ఒక్కోసారి వెనక భాగం ముందుకి వస్తూ. ఎండ వచ్చే వేళకి గెబెల్ ఎల్ సిల్సిలా దగ్గర ఉన్నాం. అక్కడ నది ఇరుకైపోయి రెండు వైపులా ఇసుకరాతి గుట్టలు దగ్గరికొస్తాయి. ఎడ్ఫూ గుడికీ, లక్సర్ దగ్గరి కర్నాక్‌ గుళ్లలో చాలా కట్టడాలకీ రాయి అక్కడ తవ్విందే, పడవల మీదే తరలించారు. గుట్టకి ఉలితో చెక్కిన గీతలు లెక్కపెట్టగలిగేంత దగ్గరగా, చప్పుడు లేకుండా జారిపోయాం. ముగ్గురం ఒక్క మాట మాట్లాడలేదు. ఫోటో తీయాలని కూడా తోచలేదు, ఇప్పుడు అదొక బాధ.

ఇంటికొచ్చాక తెలిసింది, పాత ఈజిప్టు బొమ్మల లిపిలో దక్షిణానికి ప్రయాణం అనడానికి చాప ఎత్తిన పడవ, ఉత్తరానికి అనడానికి చాప లేని పడవ గీసేవారట. వేల ఏళ్ల కిందటే రాసి పెట్టిన సంగతిని నేను ఒక నీలం ట్యాంకు ముందు రెండు గంటలు కూర్చుని నేర్చుకున్నాను. రైలు తప్పిపోయింది. ఎడ్ఫూ చేరకుండానే మధ్యలో దిగి రోడ్డెక్కి పికప్ పట్టుకోవాల్సి వచ్చింది, మిగిలిన దూరానికి డబ్బు వెనక్కి అడిగితే నవ్వేశారు.

నిశ్శబ్దం గురించి కూడా కొంచెం సరిచేసుకోవాలి. పొలాలకి నీళ్లు తోడే డీజిల్ పంపులు పొద్దున్నే టకటకా మొదలవుతాయి. పెద్ద క్రూయిజ్ ఓడలు పోతే వాటి అల ఒడ్డుకి తగిలి తిరిగొచ్చేదాకా టీ గ్లాసు చేత్తో పట్టుకోవాలి, రాత్రి దగ్గర్లో ఒకటి ఆగిందంటే జనరేటర్ మోత పొద్దుటిదాకా. మొదటిసారి ఇవన్నీ ఉండే ఉంటాయి, మురిపెంలో నా చెవికెక్కలేదు.

మూడోసారి అమ్మనీ నా భార్యనీ తీసుకెళ్లాను, ఒకే రాత్రి, బాత్రూమ్ ఉన్న ఇంకో పడవ వెనకాలే వచ్చేలా మాట్లాడుకుని. రెండోరోజు గాలి మొరాయిస్తే ఒక మోటారు బోటు వచ్చి మమ్మల్ని లాక్కెళ్లింది, ఈ మధ్య ఇది మామూలే. డగడగమని ఆ మోత వింటుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. అమ్మ మాత్రం “ఈ మోటారేదో నిన్ననే తగిలించి ఉంటే పోయేది కదరా” అంది.

కాబట్టి వెళ్లమంటానా? మోకాళ్లు బాగుండి, నేల మీద పడుకోగలిగి, చివర్లో ఒక రోజు ఖాళీ పెట్టుకోగలిగితే వెళ్లండి, మర్నాడే విమానం ఉంటే మాత్రం అస్వాన్ చుట్టూ సాయంత్రం రెండు గంటలు తిరిగి రావడమే మేలు. జనవరి అయితే మందపాటి దుప్పటి మీరే తెచ్చుకోండి, వాళ్లిచ్చేది చాలదు. ఒడ్డున కదలని నీళ్లలో కాళ్లు పెట్టొద్దు, నీటి పురుగుల వల్ల వచ్చే బిల్‌హార్జియా జబ్బు భయం ఉంటుంది.

నాకు నాలుగోసారి వెళ్లాలనే ఉంది, కానీ ఈసారి తిరగేసి, ఎడ్ఫూకి ఉత్తరాన ఉన్న ఎస్నా నుంచి దక్షిణంగా, గాలి వీపున పెట్టుకుని. ఆ దారిలో గదులూ బాత్రూములూ ఉన్న రెండు చాపల డహబియా అనే పెద్ద పడవలు వెళ్తాయి. ఖర్చు ఫెలూకాకి చాలా రెట్లు, పైగా గాలి లేకపోతే వాటినీ చిన్న బోటుతో లాగించాల్సిందే. ఇంట్లో ఇంకా అడగలేదు.