వంతులవారీ చదువా, జంట చదువా: భాషా తరగతిలో ఏది మేలు?

భాష నేర్పే తరగతుల్లో బాగా పాతుకుపోయిన పద్ధతి, ఒక్కొక్కరినీ లేపి తలా ఒక పేరా బిగ్గరగా చదివించడం. ఉపాధ్యాయుడికి ప్రతి గొంతూ వినిపిస్తుంది, ఉచ్చారణ దోషం అక్కడికక్కడే దొరుకుతుంది, తరగతీ అదుపులో ఉంటుంది. కానీ 40 మంది ఉన్న 45 నిమిషాల పీరియడ్‌లో ఒక్కొక్కరికి దక్కేది నిమిషం పైచిలుకే.

మిగిలిన సమయం ఎలా గడుస్తుందో వెనక వరుసలో నిలబడి చూస్తే తెలుస్తుంది. తనకు ఏ పేరా వస్తుందో వేలితో లెక్కపెట్టుకున్న పిల్లవాడు ఆ నాలుగు వాక్యాలనే పెదవులు కదుపుతూ వల్లె వేసుకుంటాడు. అవతల చదువుతున్నవారి మాట అతని చెవికెక్కదు. వంతు అయిపోయాక పుస్తకం మీద చూపే నిలవదు.

అదే పాఠాన్ని ఇద్దరిద్దరు కలిసి చదువుకుంటే 10 నిమిషాల్లో ఒక్కొక్కరికి 5 నిమిషాలు దక్కుతాయి. ఒకరు చదువుతుంటే రెండోవారు వరుసల వెంట చూపు నడుపుతూ, తడబడిన చోట మాట అందిస్తారు. జంటల్లో చిన్న భాగాన్నే పదేపదే చదివించే వీలూ ఉంటుంది; ఇలా మళ్లీ మళ్లీ చదివించే పద్ధతిని 1979లో అమెరికన్ విద్యా మనోవిజ్ఞాన నిపుణుడు శామ్యూల్స్ వివరించారు. మొదటిసారి కూడబలుక్కుని చదివిన మాటలు మళ్లీ మళ్లీ కంటబడి తేలికయ్యేసరికి, అక్షరాల మీద పెట్టిన శ్రద్ధ అర్థం వైపు మళ్లుతుంది.

మాట్లాడటంలోనూ ఇదే తేడా. బట్టీపట్టిన సంభాషణను అప్పజెప్పడం వల్ల నాలుక తిరుగుతుందే గాని, సొంత మాట పుట్టదు. 1983లో భాషా బోధకుడు కీత్ మారిస్ సూచించిన 4-3-2 అభ్యాసంలో విద్యార్థి ఒకే విషయాన్ని ఒకరికి 4 నిమిషాల్లో, మరొకరికి 3 నిమిషాల్లో, ఇంకొకరికి 2 నిమిషాల్లో చెబుతాడు. వినేవారు మారతారు గనుక చెప్పిందే చెప్పడం అసహజమనిపించదు. గడువు తగ్గుతుంది గనుక తడుముకోవడమూ తగ్గుతుంది.

జంట పనిలో లోపాలు లేకపోలేదు. గది గోలగా ఉంటుంది, విద్యార్థులు మాతృభాషలోకి జారుకుంటారు, ఇద్దరికీ తెలియని తప్పు అలాగే గట్టిపడిపోతుంది. అందుకే ముందు ఉపాధ్యాయుడు చదివి వినిపించి, అందరిచేతా ఒకసారి కలిసి పలికించి, ఆ తర్వాతే జంటలుగా విడదీయాలి. అక్షరాలే ఇంకా పట్టుబడనివారికి మాత్రం ఇలా తరగతంతా కలిసి చదవడమే ఎక్కువ రోజులు సాగాలి.

ఈ జాగ్రత్తలతో నా మొగ్గు జంట చదువు వైపే. ఒంటరిగా బిగ్గరగా చదివించడాన్ని ప్రగతి పరీక్షించడానికే ఉంచి, అదీ నలుగురి ముందు నిలబెట్టకుండా, మిగిలిన జంటలు చదువుకుంటుండగా ఒక్కొక్కరినీ బల్ల దగ్గరికి పిలిచి వినడం మంచిది.