జాషువా ట్రీలో ఇల్యూజన్ డ్వెల్లర్: గ్రేడు చూసి మోసపోవద్దు

కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ నేషనల్ పార్కులో క్రాక్ రూట్లకు, అంటే బండ చీలికలో చేతులూ కాళ్లూ దూర్చి ఎక్కే దారులకు, కొదవ లేదు. 5.10బి గ్రేడులో (ఎక్కడంలో కష్టాన్ని కొలిచే అమెరికన్ లెక్క) ఒక్కటే ఎక్కే తీరిక ఉంటే సెంటినెల్ బండ పడమటి వైపున్న ఇల్యూజన్ డ్వెల్లర్ ఎక్కండి.

నిటారు క్రాక్ అయితే ఈ గ్రేడు అంత బాధించదు. ఇది కుడికి వాలుతూ పోతుంది. ఒళ్లు పక్కకు తూలుతుంది, కాళ్లు కుదురుగా నిలవవు, బరువంతా చేతుల మీదే. పై చేతి బొటనవేలు కిందికి, కింది చేతిది పైకి పెట్టి, చేతులు మార్చకుండా జరుపుకుంటూ పోవడం మేలు. పాదం దూరి బిగిసిన ప్రతిచోటా ఆగి చేతులు విదిలించుకోవాలి. ఎందుకంటే అసలు కష్టం చివర్లో ఉంది: ముంజేతులు రాయిలా బిగిసిపోయాక పైన చిన్న ఉబ్బు దాటాలి.

పడితే ఆపేందుకు చీలికలో బిగించి తాడు తగిలించే క్యామ్‌లు, కామలాట్ రకం సైజుల్లో 0.3 నుంచి 2 దాకా చాలు, 0.5, 0.75, 1 మాత్రం రెండేసి ఉండాలి. యూటాలోని ఇండియన్ క్రీక్ ఇసుకరాతిలో లాగా ఇక్కడ అంచులు సమాంతరంగా ఉండవు. బయటికి విచ్చుకున్న చోట పెట్టిన క్యామ్, తాడు కదిలినకొద్దీ జరిగిపోతుంది. ముందు ఎక్కే లీడర్లు చాలామంది మరిచేది వెనక వచ్చే మనిషిని! కష్టమైన చోటు దాటగానే మరో క్యామ్ పెట్టకపోతే, ఆ మనిషి జారినప్పుడు కుడికి అడ్డంగా ఊగిపోతారు.

ఇక్కడి మాంజోగ్రానైట్ (ఒక రకం గ్రానైట్ రాయి) కొత్తగా గంట్లు కొట్టిన రోలంత గరుకు. చేతులకు టేపు తప్పదు. మందపాటి గ్లౌజులతో సన్నటి చోట చెయ్యి దూరదు. రూట్ 30 మీటర్లు దాటుతుంది కాబట్టి 60 మీటర్ల తాడుతో పైనుంచి నేల దాకా దించడం కుదరదు. దిగే దారి ముందే తేల్చుకోండి, తాడు చివర ముడి వేయండి.

సీజన్ అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా. పడమటి ముఖం కనుక పొద్దున నీడ, మధ్యాహ్నం నుంచి ఎండ. డిసెంబరులో ఆ ఎండే వరం.

బసకు రోడ్డు అవతలే ఉన్న హిడెన్ వ్యాలీ క్యాంపుకు సాటి లేదు. 44 సైట్లు, రిజర్వేషన్ లేదు, ముందొచ్చినవారిదే. చుక్క నీరు దొరకదు, పార్కు బయట ఊళ్లో ముందే నింపుకోవాలి. వారాంతాల్లో చోటు కష్టం. అప్పుడు బ్లాక్ రాక్ క్యాంపు బుక్ చేసుకోవచ్చు. నీళ్లు, ఫ్లష్ టాయిలెట్లు ఉన్నాయి గానీ, అక్కడి నుంచి పార్కు మధ్యకు నేరుగా రోడ్డు లేదు; ఊరు చుట్టి రావాలి. ఎక్కడానికే వచ్చినవారికి ఆ సుఖం గిట్టుబాటు కాదు. లోపల ఫోన్ సిగ్నల్ దాదాపు సున్నా, మ్యాపు ముందే దించుకోండి.